సహాయక సాంకేతిక నిపుణుడిగా వైజాగ్‌లో మొదటి నెల: ఏ పని ముందు, సంచీలో ఏముండాలి?

కొత్తచిగురు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి వైజాగ్‌లో ఒక రిసోర్స్ సెంటర్‌లో సహాయక సాంకేతిక నిపుణుడిగా (దివ్యాంగులకి సరిపడే పరికరాలు, సాఫ్ట్‌వేర్ అమర్చే పని) చేరుతున్నాను. చదివింది ఈసీఈ. హార్డ్‌వేర్, సోల్డరింగ్ బాగానే వచ్చు. దివ్యాంగులతో పని మాత్రం కొత్త. మొదట చూడాల్సినవి నాలుగు కేసులు:

ఒకటి, పూర్తిగా చూపు లేని డిగ్రీ విద్యార్థిని. తెలుగు మీడియం. నోట్సులన్నీ పీడీఎఫ్‌లే, స్క్రీన్ రీడర్ (తెర మీదిది పైకి చదివే సాఫ్ట్‌వేర్) వాటిని చదవట్లేదట. రెండు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న 14 ఏళ్ల అబ్బాయి. "ట్యాబ్ వాడేలా చేయాలి" అని ఫైల్లో రాసి ఉంది. మూడు, ఆటిజం ఉండి ఇంకా మాటలు రాని ఏడేళ్ల పాప. నాలుగు, గాజువాకలో ఒక పెద్దాయన. వీల్‌చైర్ కావాలి, చెవి మిషన్ ఉంది గానీ సరిగ్గా పనిచేయట్లేదు, ఇంటి ముందు మూడు మెట్లు.

చేతిలో పెట్టుకోడానికి పదివేలు ఇస్తామన్నారు. దేనితో మొదలుపెట్టాలి? కొత్తవాళ్లు ఎక్కువగా ఎక్కడ తప్పు చేస్తారు?

టేపుచేతిలో:

"ట్యాబ్ వాడేలా చేయాలి" అని రాశారు చూడండి, తప్పు అక్కడే మొదలవుతుంది. ట్యాబ్‌తో ఏం చేయాలి? స్కూల్లో జవాబులు రాయాలా, పక్కగదిలో ఉన్న అమ్మని పిలవాలా, పాట మార్చుకోవాలా? ఒక్కోదానికి ఒక్కో ఏర్పాటు. సహాయక సాంకేతిక రంగంలో పేరున్న జాయ్ జబాలా చెప్పిన "సెట్" పద్ధతిలో వరస ఇది: విద్యార్థి, పరిసరం, పనులు, చివరికి పరికరం. ఆ వరస తిరగేస్తే పరికరం ఆర్నెల్లలో అటక మీదికి చేరుతుంది.

మొదటిసారి ఇంటికెళ్లినప్పుడు ఏమీ ఇవ్వకండి. ఒక కాగితం మీద మూడే రాయండి: ఈ పని ఇప్పుడు ఎలా జరుగుతోంది, ఎన్ని నిమిషాలు పడుతోంది, అందులో ఎవరి చెయ్యి ఎంతవరకు పడుతోంది. పరికరం ఇచ్చాక మూడో రోజు ఫోన్ చేయండి. రెండు వారాలకి, రెండు నెలలకి వెళ్లి అవే మూడు మళ్లీ రాయండి. ఆ మూడో రోజు ఫోన్ చాలా ముఖ్యం. ఛార్జర్ దొరక్కో, శబ్దం ఎక్కువైందనో పక్కన పెట్టేసేది ఆ వారంలోనే.

సంచీలో: 5 మీటర్ల ఇనప టేపు, ఒళ్లు కొలవడానికి దర్జీ టేపు, మల్టీమీటర్, అలెన్ కీల సెట్, వెల్క్రో, కేబుల్ టైలు, వంటింటి అరల్లో పరిచే జారని మ్యాట్ ఒక మీటరు, ట్యాబ్‌కి కీబోర్డు కలిపే ఓటీజీ కేబుల్, మామూలు వైరు కీబోర్డు, వైరు మౌస్ రెండు. కీబోర్డు మీద ఎఫ్, జె గుర్తుపట్టడానికి బొట్టుబిళ్లలు అంటిస్తారు కొందరు. మన ఊరి చెమటకి అవి వారం కూడా ఆగవు. ఎం-సీల్ ఆవగింజంత అంటించి ఆరనిస్తే గట్టి బుడిపెలా నిలబడుతుంది. ఇదంతా మూడు వేలల్లోపే తేలుతుంది. మిగతాది దాచండి, స్విచ్‌లకీ స్టాండ్లకీ పనికొస్తుంది.

ఇంకో మాట. వినికిడి పరీక్ష, చెవి మిషన్ ప్రోగ్రామింగ్, కృత్రిమ కాలు బిగించడం ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల పని. 1992 చట్టం ప్రకారం అది మీరు చేయకూడదు, "కొంచెం సౌండ్ పెంచండి బాబూ" అని ఇంట్లోవాళ్లు బతిమాలినా సరే. శుభ్రం చేయడం, బ్యాటరీ, ట్యూబు చూడటం వరకే మీది.

ఆరుచుక్కలు:

మొదటి కేసు గురించి వివరంగా చెప్తాను. ఇంగ్లిష్ గైడ్లలో దీనికి జవాబు దొరకదు.

స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ అనుకుంటాను. ఉచితం, తెలుగు గొంతు ఈస్పీక్ రూపంలో దాంతోనే వస్తుంది. గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది, అలవాటు పడతారు. "చదవట్లేదు" అంటే అసలు జబ్బు మూడింట్లో ఒకటి. ఏదో తేల్చడానికి పీడీఎఫ్‌లోంచి రెండు వాక్యాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి.

ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి గీత వస్తే అది అను ఫాంట్లలో కొట్టిన ఫైలు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఇదే ఎక్కువ. కంటికి "విశాఖపట్నం" కనిపిస్తుంది గానీ లోపలున్నది ఇంగ్లిష్ కోడ్‌లు, పైన తెలుగు బొమ్మలు తొడిగారంతే. స్క్రీన్ రీడర్ ఆ కోడ్‌లనే చదువుతుంది. దాని తప్పేం లేదు. పీడీఎఫ్‌తో కుస్తీ పట్టకుండా, కొట్టినవాళ్ల దగ్గర పేజ్‌మేకర్ ఫైలో వర్డ్ ఫైలో అడిగి తెచ్చుకుని, తెలుగుని తెలుగుగానే దాచే యూనికోడ్‌కి మార్చండి. అను 6, అను 7 కోడ్‌లు వేరు. కన్వర్టర్లో తప్పు వెర్షన్ ఎంచుకుంటే సగం అక్షరాలు సరిగ్గా వచ్చి ఒత్తులు పాడవుతాయి. పైపైన చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, అదే ప్రమాదం.

నోట్‌ప్యాడ్‌లో ఏమీ పడకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తించి టెక్స్ట్‌గా మార్చడం) ఒక్కటే దారి. గూగుల్ డ్రైవ్ తెలుగు బాగానే గుర్తిస్తుంది, టెసరాక్ట్‌లోనూ తెలుగు ఉంది. 300 డీపీఐకి తక్కువ స్కాన్ ఇవ్వకండి. ఫోన్ ఫొటో అయితే నీడ పడకుండా, పేజీ వంపు లేకుండా తీయండి. ఎక్కువగా తారుమారయ్యేవి: ద-ధ, ప-ష, వ-మ, పంక్తి కింద వేలాడే ఒత్తులు. "పదం" కాస్తా "పథం" అయితే విద్యార్థికి తప్పని తెలిసే వీలు లేదు, అలాగే బట్టీ పట్టేస్తుంది. అందుకని సాంకేతిక పదాలు, పేర్లు, సంవత్సరాలు చూపున్నవాళ్లు ఒకసారి సరిచూడాలి. మొత్తం పుస్తకం చూడక్కర్లేదు, ఆ వారం పాఠం వరకు చాలు.

సరైన తెలుగే వచ్చి, అయినా చదవట్లేదంటే గొంతు సమస్య. చాలా ఇంగ్లిష్ గొంతులు తెలుగు అక్షరాల్ని మాట్లాడకుండా దాటేస్తాయి. ఎన్‌వీడీఏలో "తెలుగు" అని విడిగా ఒక కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ చేసి, ఇన్‌పుట్ జెశ్చర్స్‌లో దానికొక కీ కేటాయించండి. ఒక్క నొక్కుతో గొంతు మారుతుంది. ల్యాప్‌టాప్‌లో ఇన్సర్ట్ కీ అందుబాటుగా ఉండదు, క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోమనండి. ఆ కీతో పాటు 1 నొక్కితే ఇన్‌పుట్ హెల్ప్: ఏ కీ నొక్కితే ఆ కీ పేరు చెబుతుంది, పనేమీ జరగదు. మొదటి రెండు రోజులు కేవలం అందులోనే ఉంచండి. ఏదో చెరిపేస్తామన్న భయం పోతుంది.

పుస్తకాన్ని ఇలా మార్చడం నేరమేమో అని కాలేజీలు జంకుతాయి. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ దివ్యాంగుల కోసం అందుబాటు రూపంలోకి మార్చుకోనిస్తుంది. మార్చేముందు చూపు లేనివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో వెతకండి, ఉన్నదాన్నే మళ్లీ టైపు చేసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

కొత్తచిగురు:

చాలా థాంక్సండీ. మాదిరి ఫైళ్లు పంపారు, నోట్‌ప్యాడ్ పరీక్ష పెట్టాను. ఒక ఫైలు ఈ మూడింట్లో దేనికీ సరిపోవట్లేదు. తెలుగే వస్తోంది గానీ గుణింతాలు ముందువెనకలు, ఒత్తులు విడిపోయి పక్కకి పోతున్నాయి. ఇంకోటి, ఆమె సొంతంగా టైపు చేసేటప్పుడు బ్యాక్‌స్పేస్ "సగం చెరుపుతోంది" అంటున్నారు. కీబోర్డు పాడైందా?

ఆరుచుక్కలు:

అవును, నాలుగోది వదిలేశాను. అది యూనికోడ్‌లో కొట్టి పీడీఎఫ్‌గా మార్చిన ఫైలు. పీడీఎఫ్ దాచేది అక్షరాల ఆకారాల్ని. "క్షే" లాంటిది ఒకే ఆకారం. దాని వెనక ఏ కోడ్‌లు ఏ వరసలో ఉన్నాయో పీడీఎఫ్ చేసిన సాఫ్ట్‌వేర్ రాసిపెట్టకపోతే బయటికి తీసేటప్పుడు చెల్లాచెదురవుతుంది. బాగుచేయడానికి టైం పాడుచేసుకోకండి. వర్డ్ ఫైలు అడగండి, దొరక్కపోతే బొమ్మగా మార్చి ఓసీఆర్ చేయండి, అదే తొందరగా తేలుతుంది. లెక్చరర్లకి ఒక్క ముక్క చెప్పండి: "పీడీఎఫ్‌తో పాటు వర్డ్ కూడా పంపండి, శీర్షికలకి హెడింగ్ స్టైల్ పెట్టండి." హెడింగ్‌లుంటే ఆమె వర్డ్‌లో బ్రౌజ్ మోడ్ పెట్టుకుని హెచ్ నొక్కుతూ పాఠం నుంచి పాఠానికి పోగలదు. లేకపోతే 60 పేజీలూ బాణం కీతోనే.

కీబోర్డు పాడవలేదు. బాణం కీ అక్షరం మొత్తాన్ని దాటుతుంది, బ్యాక్‌స్పేస్ చివరి కోడ్‌ని మాత్రమే తీస్తుంది. "కి" మీద ఒకసారి నొక్కితే గుడి పోయి "క" మిగులుతుంది. చూపున్నవాళ్లు అది కంటితో పట్టేస్తారు. ఆమెకి ముందే చెప్పాలి: చెరిపాక ఎడమ బాణం ఒకసారి నొక్కి ఏం మిగిలిందో విను. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకి ప్రామాణిక కీబోర్డు అమరిక) నేర్పితే ఇది ఇంకా తేలిక. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి. కె నొక్కితే క, డి నొక్కితే పొల్లు. కె-డి-కె అంటే "క్క". బ్రెయిలీ వచ్చినవాళ్లకి ఇది త్వరగా ఎక్కుతుంది, అక్కడా ఒత్తుని ఇలాగే విడగొట్టి రాస్తారు. తేడా ఒక్కటే, భారతి బ్రెయిలీలో (మన భాషలకి వాడే బ్రెయిలీ) పొల్లు గుర్తు, అంటే 4వ చుక్క, హల్లుకి ముందు వస్తుంది. మొదట్లో ఆ వరస తికమక పెడుతుంది.

సోల్డరుపొగ:

రెండో కేసుకి ఈసీఈ చదువు బాగా అక్కరకొస్తుంది.

వేళ్లతో తెర ముట్టుకోలేనివాళ్లు ఒకే పెద్ద బటన్‌తో ట్యాబ్ వాడతారు, దాన్నే స్విచ్ అంటాం. రెడీమేడ్ స్విచ్ కొనేముందు పాత మౌస్‌తో ప్రయత్నించండి. ఎడమ బటన్ కింద మైక్రోస్విచ్‌కి మూడు కాళ్లుంటాయి. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి, నొక్కినప్పుడు మాత్రమే కూత పెట్టే రెండు కాళ్లు పట్టుకోండి. వాటికి రెండు వైర్లు టంకం వేసి, మౌస్ పక్కన రంధ్రం చేసి 3.5 మిల్లీమీటర్ల మోనో సాకెట్ బిగించండి. ఇక 3.5 మోనో ప్లగ్గున్న ఏ స్విచ్ అయినా గుచ్చొచ్చు, అది ఎడమ క్లిక్ అవుతుంది. స్టీరియో సాకెట్ వేస్తే ఒక్కోసారి తగలదు, సగంమంది ఇక్కడే ఇరుక్కుంటారు. వైరు లాగినప్పుడు టంకం ఊడకుండా లోపల ఒక ముడి వేయండి.

విండోస్ ఆన్‌స్క్రీన్ కీబోర్డులో "స్కాన్" ఎంపిక (కీలు వరసగా వెలుగుతూ పోతాయి, కావాల్సింది వెలిగినప్పుడు నొక్కాలి) మౌస్ క్లిక్‌తోనూ పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కైతే స్విచ్ యాక్సెస్ ఉంది. అది కీలని గుర్తిస్తుంది కాబట్టి మౌస్ బదులు పాత కీబోర్డు లోపలి బోర్డు తీసి, స్పేస్ కీకి సంబంధించిన రెండు తీగల దగ్గర సాకెట్ పెట్టి, ఓటీజీతో కలపండి.

స్విచ్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు పరీక్ష. చెయ్యే వాడాలని పట్టుపట్టకండి. తల, మోకాలు, గడ్డం, పాదం, ఏది అలవోకగా కదిలి మళ్లీ అలవోకగా వెనక్కి వస్తుందో చూడండి. నొక్కగలగడం సరిపోదు, వదలగలగాలి. సెరిబ్రల్ పాల్సీలో చాలామందికి తల ఒకవైపు తిప్పితే ఆ వైపు చెయ్యి దానంతటదే చాచుకుపోతుంది. అలాంటివాళ్లకి తెర ఒకపక్క, చేతి స్విచ్ ఒకపక్క పెడితే ప్రతి నొక్కూ ఒక యుద్ధమే. తెర కచ్చితంగా ఎదురుగా ఉండాలి. అన్నిటికంటే ముందు కూర్చోవడం: నడుము వెనక్కి ఆనాలి, పాదాలు దేనిమీదో నిలవాలి. కాళ్లు వేలాడుతుంటే చేతికి పట్టు ఉండదు.

స్కానింగ్ వేగం కళ్లుమూసుకుని పెట్టకండి. "ఇప్పుడు" అనగానే నొక్కమని పదిసార్లు చూసి, సగటు సమయం తీసి, 0.65తో భాగించండి. సగటు 1.3 సెకన్లయితే స్కాన్ 2 సెకన్లు. చెయ్యి వణికి రెండుమూడుసార్లు పడుతుంటే మళ్లీ నొక్కుని పట్టించుకోని వ్యవధి అర సెకను పెట్టండి. 15-20 నిమిషాలకి తప్పులు పెరిగితే అది బద్ధకం కాదు, అలసట.

వంచితే వంగే గూస్‌నెక్ స్టాండ్లు చౌక అని కొంటారు. బలంగా కొట్టే పిల్లలకి అవి రోజూ అంగుళం చొప్పున కిందికి దిగుతాయి. స్విచ్ జరిగిపోయిందని ఎవరూ చూడరు, అబ్బాయికి రావట్లేదంటారు. గట్టి క్లాంపు పెట్టి, సరైన స్థానంలో స్టాండు మీద పెర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి.

మాటలపెట్టె:

మూడో కేసుకి యాప్ కొనమని ఎవరైనా చెప్పేలోపు నేను చెప్తున్నా, ముందు వేలితో చూపించి చెప్పే కాగితం బోర్డు. ఏ4 అట్ట, లామినేషన్, 12 నుంచి 20 గళ్లు. తినేవాటి బొమ్మలతో నింపేయకండి. కావాలి, వద్దు, ఇంకా, అయిపోయింది, ఆపు, ఇవ్వు, చూడు, రా, నొప్పి, నేను, నువ్వు, ఏది. రోజంతా పనికొచ్చేవి ఇవే. గళ్ల స్థానాలు ఎప్పుడూ మార్చొద్దు, పాప వేలికి దారి అలవాటవ్వాలి. ఇంట్లోవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు ఆ గళ్లు ముట్టుకుంటూ మాట్లాడాలి. పాప ముట్టుకోలేదని బోర్డు దాచేయడం ఎక్కువగా జరిగే తప్పు.

యాప్‌కి వెళ్లాక తెలుగుతో ఒక చిక్కు. చాలా బొమ్మల యాప్‌ల నడక ఇంగ్లిష్‌ది: నేను, కావాలి, నీళ్లు అని వరసగా నొక్కితే "నేను కావాలి నీళ్లు" అంటుంది. మనం "నాకు నీళ్లు కావాలి" అంటాం. అందుకని "నేను" గడి పక్కనే "నాకు" గడి విడిగా పెట్టండి. క్రియల్ని "తిను" అని కాకుండా "తింటా", "తినను" అని మన నోటిలో ఉన్న రూపంలోనే పెట్టండి. ఇంట్లో "అమ్మమ్మ" అంటారో "అమ్మమ్మా" అని సాగదీసి పిలుస్తారో అలాగే వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. యాప్‌లో పుస్తకాల తెలుగు వస్తే ఇంట్లో ఎవరూ జవాబివ్వరు.

టేపుచేతిలో:

బోర్డు గురించి ఒప్పుకుంటా గానీ "ముందు కాగితం, తర్వాత యాప్" అని మెట్లు పెట్టడం ఒప్పుకోను. శబ్దం వింటేనే ఆసక్తి చూపే పిల్లలు కొందరుంటారు. వాళ్లకి రెండూ మొదటి వారం నుంచే ఇవ్వొచ్చు. కరెంటు పోయినా, బీచ్‌కెళ్లినా కాగితం చేతిలో ఉండాలి, అంతవరకు నిజం.

ఉప్పుగాలి:

నాలుగో కేసు. కేంద్ర ప్రభుత్వం దివ్యాంగులకి పరికరాలిచ్చే ఆడిప్ పథకంలో కుర్చీ తీసుకోబోతుంటే శిబిరానికి వెళ్లేముందే కొలతలు తీయండి. అదే రకం పరికరం మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు (12 ఏళ్లలోపు పిల్లలకైతే ఏడాది), కాబట్టి తప్పు సైజు తీసుకుంటే మూడేళ్లు దాంట్లోనే. కనీసం 40 శాతం ఉన్న వైకల్య ధ్రువపత్రం, లేదా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దగ్గర ఉంచుకోమనండి.

కొలతలు: కూర్చున్నప్పుడు తుంటి వెడల్పుకి 2-3 సెంటీమీటర్లు కలిపితే సీటు వెడల్పు. పిరుదు వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి 5 సెంటీమీటర్లు తీసేస్తే సీటు లోతు. ఫుట్‌రెస్టుకి నేలకి మధ్య కనీసం 5. మామూలుగా దొరికేది 18 అంగుళాల సీటు. సన్నని మనిషిని అందులో కూర్చోబెడితే ఒకవైపు ఒరిగి, కొన్నాళ్లకి వెన్నే ఒరుగుతుంది. వెంటనే వేరే కుర్చీ దొరక్కపోతే రెండు పక్కలా గట్టి ఫోమ్ పలకలు బిగించండి, దిండ్లు పెట్టకండి, జారిపోతాయి.

మూడు మెట్లు ఒక్కోటి 15 సెంటీమీటర్లనుకుంటే ఎత్తు 45. 1:12 వాలుకి (ఎత్తుకి 12 రెట్లు పొడవు) ర్యాంపు 540 సెంటీమీటర్లు, దాదాపు 18 అడుగులు. గాజువాకలో ఇంటి ముందు అంత జాగా ఎవరికుంటుంది! నిటారుగా కట్టేస్తే కుర్చీ వెనక్కి పల్టీ కొడుతుంది. గోడ వెంబడి మలుపు తిప్పి మధ్యలో చదునైన ఆగే చోటు ఇవ్వండి, లేదా వెనక గుమ్మం ఎత్తు తక్కువేమో ముందు చూడండి.

సముద్రపు గాలికి ముందు చిన్న చక్రాల ఇరుసులు, బ్రేకు బోల్టులు మొదట తుప్పు పడతాయి. వారానికోసారి తడిగుడ్డతో ఉప్పు తుడిచి ఆరబెట్టాలి, నెలకోసారి ఇరుసులకి గ్రీజు. టైరుకీ బ్రేకుకీ నూనె తగలకూడదు. బ్రేకు పట్టట్లేదంటే ముందు గాలి చూడండి. టైరు మెత్తబడితే బ్రేకు దాన్ని నొక్కలేదు, విప్పి బిగించి లాభం లేదు.

చెవి మిషన్‌కి చెమ్మే శత్రువు. రాత్రి బ్యాటరీ బయటికి తీసి, మిషన్‌ని సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. బ్యాటరీ కూడా అందులో పెట్టేస్తారు, అది తప్పు. జింక్-ఎయిర్ బ్యాటరీ ఆ పొడిగాలికి ఎండిపోతుంది. కొత్త బ్యాటరీ స్టిక్కరు తీశాక కొన్ని నిమిషాలు ఆగి వేయాలి, గాలి పీలిస్తేనే దానికి శక్తి. స్టిక్కరు తీసి మళ్లీ అంటించినా లాభం లేదు. స్టిక్కరు రంగుని బట్టి సైజు: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. పెద్దాయనకి అంకె కన్నా రంగు చెప్పడం తేలిక. మిషన్ కూస్తుంటే మోల్డ్ (చెవిలో పెట్టుకునే అచ్చు) వదులైందా, గుబిలి అడ్డుందా, ట్యూబు గట్టిపడి పగిలిందా చూడండి. ఈ మూడూ బాగానే ఉంటే ఆడియాలజిస్టు దగ్గరికి పంపండి.

ఆరుచుక్కలు:

మర్చిపోయా, డిగ్రీ అమ్మాయికి పరీక్షలు దగ్గరపడితే ఇప్పుడే కదలండి. దివ్యాంగుల పరీక్షలకి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకి 20 నిమిషాల అదనపు సమయం ఉంది. కంప్యూటర్ మీద రాస్తే ముందురోజు ఆ సిస్టమ్‌ని పరీక్షించుకోవచ్చు. ఆ ముందురోజు మీరు కూడా వెళ్లండి. హెడ్‌ఫోన్ జాక్, ఎన్‌వీడీఏ తెలుగు ప్రొఫైల్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఫైలు ఎక్కడ సేవ్ అవుతోంది, ప్రింటర్‌లో తెలుగు సరిగ్గా పడుతోందా. ముఖ్యంగా ఆఖరిది. అక్కడి సిస్టమ్‌లో తెలుగు ఫాంటు లేక గళ్లు గళ్లుగా ప్రింటయితే ఆమెకి ఎలాగూ కనిపించదు, జవాబు పత్రం అలాగే వెళ్లిపోతుంది.